‘రేర్’ అంటే ఎవరికి రేర్?



పోస్ట్ పెద్దగుంది, ముందే చెప్తున్న. బీటెక్ చదివేటోళ్లు, డిగ్రీ కంప్యూటర్స్ వాళ్లు, యాప్ కంపెనీల్లో పనిచేసే మన అన్నలు, అక్కలు మాత్రం మధ్యలో వదలకండి. కోడ్ తెలియనివాళ్లకు కూడా అర్థమయ్యేటట్టే రాస్తున్న.

మొన్న మన గ్రూప్‌లో ఒక చెల్లె, స్కాలర్‌షిప్ ఫారం నింపుతుంటే యాప్ దానంతట అదే మూసుకుపోతుందని పెట్టింది. కింద మూడు రకాల జవాబులు వచ్చినయి. ఒకటి, "ఫోన్ మార్చు." రెండోది, "అది రేర్ ఇష్యూ, నాకైతే బానే నడుస్తుంది." మూడోది చదివినంక నాకు నిద్ర పట్టలే: "టెక్నాలజీకి కులం లేదు, తెగ లేదు. కోడ్ అందరికీ ఒక్కటే. ప్రతిదాంట్లో వివక్ష వెతకొద్దు."

ఆ మూడో మాటకు ఇది జవాబు. కోడ్ అందరికీ ఒక్కటే, ఒప్పుకుంటున్న. కానీ ఆ కోడ్‌ను ఏ ఫోన్ మీద నడిపి చూసిండ్రు? ఏ భాషలో పెట్టి చూసిండ్రు? ఏ పేరు, ఏ కేటగిరీ నింపి చూసిండ్రు? అక్కడ అందరం ఒక్కటి కాదు. ‘రేర్’ అని పక్కకు పెట్టే క్రాష్‌లు చాలావరకు లాటరీ లాగ ఎవరికో ఒకరికి తగిలేవి కావు. ఒక రకం ఫోన్‌కు, ఒక రకం భాషకు, ఒక రకం పేరుకు ప్రతిసారీ తగులుతయి. మనకు ప్రతిసారీ వచ్చేదాన్ని వాళ్లు అరుదు అంటున్నరు. నా గొడవ ఆ మాటతోనే.

ముందు అసలు సంగతి ఏందో చూద్దాం. ఈ క్రాష్‌లలో ఎక్కువ శాతం తలనొప్పి తెచ్చేది సీరియలైజేషన్ అనే పని దగ్గర.

ఎస్టీ హాస్టల్‌లో చదివినోళ్లకు ట్రంకు పెట్టె తెలుసు. మీరు నింపిన ఫారం, యాప్ నడుస్తున్నప్పుడు ఫోన్ మెమరీలో ఒక ‘ఆబ్జెక్ట్’గా ఉంటది. పేరు ఒకచోట, మార్కులు ఒకచోట, సర్టిఫికెట్ ఫోటో ఇంకోచోట, రూమంతా పరిచిన సామాను లాగ. దాన్ని ఫోన్‌లో దాచాలన్నా, సర్వర్‌కు పంపాలన్నా, ఒక స్క్రీన్ నుంచి ఇంకో స్క్రీన్‌కు ఇవ్వాలన్నా ఒక వరుసలో సర్ది పెట్టెలో పెట్టాలె. ఆ సర్దుడే సీరియలైజేషన్. పెట్టె తెరిచి ఎక్కడి సామాను అక్కడ పెట్టుడు డీసీరియలైజేషన్. సర్దినోని దగ్గర ఒక లిస్టు ఉంటది, తెరిచేటోని దగ్గర ఒక లిస్టు ఉంటది. రెండు లిస్టులు ఒక్కటైతే గొడవే లేదు. తేడా వస్తే, దుప్పటి అనుకొని చెయ్యి పెట్టినచోట పళ్లెం తగులుతది. మనిషైతే సర్దుకుంటడు. ప్రోగ్రాం సర్దుకోదు, అక్కడికక్కడే పడిపోతది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. సర్దేటప్పుడు తప్పు జరిగినా అప్పటికి ఏం కాదు. తెరిచేటప్పుడు పగులుతది. అది ఐదు నిమిషాల తర్వాత కావొచ్చు, పది రోజుల తర్వాత కావొచ్చు, ఇంకో మెషీన్ మీద కావొచ్చు. తప్పు జరిగింది ఒకచోట, పగిలింది ఇంకోచోట. అందుకే ఇవి పట్టుకునుడు కష్టం. కష్టమైన బగ్‌లు అని పిలిస్తే నేనేం అనను. రేర్ అని పిలిస్తేనే వస్తది కోపం. ఒక్కొక్కటి చూపిస్తా.

1. చిన్న ఫోన్ సంగతి

2 జీబీ ర్యామ్ ఫోన్ తీసుకోండి. ఫారం సగం నింపి, క్యాస్ట్ సర్టిఫికెట్ ఫోటో కోసం కెమెరా బటన్ నొక్కుతం. కెమెరాకు మెమరీ కావాలె. జాగా లేకపోతే ఆండ్రాయిడ్ వెనక ఉన్న ఫారం యాప్‌ను చంపేస్తది. అది ఆండ్రాయిడ్ తప్పు కాదు, దాని కట్టుబాటే అట్ల. అందుకనే యాప్ వెనక్కి పోయేటప్పుడు తన పరిస్థితినంతా ఒక మూట కట్టి సిస్టమ్ చేతికి ఇవ్వాలె. దాని పేరు బండిల్. మనం ఫోటో తీసి వెనక్కి రాగానే ఆ మూట విప్పి స్క్రీన్‌ను మళ్లీ నిలబెట్టాలె.

ఇప్పుడు చెప్పండి, హైదరాబాద్ ఆఫీసులో 8 జీబీ, 12 జీబీ ఫోన్ పట్టుకున్న టెస్టర్ దగ్గర ఈ మూట విప్పే కోడ్ ఎన్నిసార్లు నడుస్తది? దాదాపు నడవదు. ఆయన ఫోన్‌లో జాగా ఉంది, యాప్ చావదు. మన దగ్గర కెమెరా నొక్కినప్పుడల్లా నడుస్తది. అంటే యాప్‌లో ఒక భాగం ఉంది, అది మన ఫోన్ల మీద మాత్రమే నడుస్తది, దాన్ని రాసినోడు ఒక్కసారి కూడా నడిపి చూడలే. దాంట్లో తప్పు ఉంటే ఎవరికి తగులుతది?

ఆ మూటకు కొలత కూడా ఉంది. ఒక ప్రాసెస్‌లో ఆ క్షణాన జరుగుతున్న లావాదేవీలన్నిటికీ కలిపి ఆండ్రాయిడ్ ఇచ్చేది 1 ఎంబీ. మామూలు కెమెరా ఫోటో ఒక్కటే 2, 3 ఎంబీ ఉంటది. ఫోటోను ఫైల్‌గా దాచి, దాని అడ్రస్ మాత్రమే మూటలో పెట్టాలె. అట్ల కాకుండా ఫోటో బైట్లనే మూటలో కుక్కినోడు ఉంటడు. 2016లో ఆండ్రాయిడ్ 7 వచ్చేదాకా ఇట్లాంటి పెద్ద మూట చప్పుడు లేకుండా మాయమయ్యేది. 7 నుంచి ట్రాన్సాక్షన్‌టూలార్జ్ ఎక్సెప్షన్ అని యాప్ కూలిపోతది. టెస్టర్ ఒక చిన్న డమ్మీ బొమ్మ పెట్టి "పనిచేస్తుంది" అని రాస్తడు. మనం కులం, ఆదాయం, బోనఫైడ్, మెమో, పాస్‌బుక్ ఐదు అసలు ఫోటోలు పెడతం. పైగా ఈ క్రాష్ రిపోర్ట్‌లో కనిపించే లైన్లన్నీ ఆండ్రాయిడ్ సొంత కోడ్‌వే, యాప్ రాసినోని పేరు ఎక్కడా ఉండదు. ఇంకేం, "మా కోడ్ కాదు" అని చేతులు దులుపుకుంటరు.

"మా దగ్గర రీప్రొడ్యూస్ కాలేదు" అనే మాటను కూడా నేను ఒప్పుకోను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో డెవలపర్ ఆప్షన్స్ తెరవండి. ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ అని ఒక మీట ఉంటది. అది వేస్తే స్క్రీన్ దాటిన ప్రతిసారీ వెనక స్క్రీన్‌ను ఫోన్ తీసేస్తది. దాని పక్కనే ‘బ్యాక్‌గ్రౌండ్ ప్రాసెస్ లిమిట్’ ఉంటది, దాన్ని సున్నాకు పెడితే లక్ష రూపాయల ఫోన్ కూడా మన 2 జీబీ ఫోన్ లాగ నడుస్తది. పైసా ఖర్చు లేదు. రెండు నిమిషాల పని. రీప్రొడ్యూస్ కాలేదంటే ఆ రెండు నిమిషాలు పెట్టలేదని అర్థం.

2. మద్నూర్‌లో మరాఠీ ఫోన్

మద్నూర్ తెలియనోళ్ల కోసం చెప్తున్న. కామారెడ్డి జిల్లా చివర, మహారాష్ట్ర అంచున ఉంటం. 161 నంబర్ జాతీయ రహదారి మీద సలాబత్‌పూర్ దాటితే నాందేడ్ జిల్లా, దెగ్లూర్. ఇటు పోతే కర్ణాటక, బీదర్ జిల్లా. తండాలో గోర్‌బోలి, బడిలో తెలుగు, దెగ్లూర్ బజార్‌లో మరాఠీ. అక్కడ కొన్న ఫోన్‌ను దుకాణపోడు మరాఠీలో పెట్టి ఇస్తే అట్లనే వాడేటోళ్లు మా దగ్గర చాలామంది.

మా చిన్నమ్మ బిడ్డ ఫోన్ అట్లాంటిదే. ఫీజు సాయం ఇచ్చే ఒక సంస్థ యాప్‌లో ఫారం నింపుతుంటే, ఫోటో పెట్టి వెనక్కి వచ్చిన ప్రతిసారీ కూలిపోయింది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే వేరే ఫోన్‌లో చేయమన్నరు. దసరాకు ఇంటికి పోయినప్పుడు నేను ఫోన్‌ను కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి లాగ్ చూసిన. నంబర్‌ఫార్మాట్ ఎక్సెప్షన్. దాని పక్కన, చదవలేకపోయిన విలువ ఏందో కూడా రాసుంది: ఇంటర్ పర్సెంటేజీ 78.5, కానీ మరాఠీ అంకెల్లో.

జరిగింది ఇది. అంకెను అక్షరాలుగా మార్చేటప్పుడు ఆ కోడ్ "ఫోన్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో రాయి" అన్నది. ఫోన్ భాష హిందీ పెడితే మామూలుగా ఇంగ్లీషు అంకెలే వస్తయి, తెలుగు పెట్టినా అంతే. మరాఠీ, నేపాలీ పెడితే మాత్రం దేవనాగరి అంకెలు వస్తయి. వెనక్కి తెరిచేటప్పుడు, దశాంశ సంఖ్య చదివే జావా ఫంక్షన్‌కు దేవనాగరి అంకెలు రావు, పడిపోతది. తమాషా ఏందంటే పూర్ణ సంఖ్య చదివే ఫంక్షన్‌కు మాత్రం వస్తయి! అందుకే వయసు ఖానా దగ్గర ఏం కాలే, పర్సెంటేజీ దగ్గర పగిలింది. చూసేటోనికి దయ్యం పట్టినట్టు ఉంటది, కానీ ఇందులో దయ్యం లేదు. మరాఠీ ఫోన్ ఉన్న ప్రతి మనిషికి, ప్రతిసారీ, అదే చోట పగులుతది. తెలుగులో టెస్ట్ చేసినా, హిందీలో టెస్ట్ చేసినా ఎప్పటికీ దొరకదు.

ఇది కొత్త రోగం కూడా కాదు. టర్కీ భాషలో పెట్టిన కంప్యూటర్‌లో ఇంగ్లీషు చిన్న ‘ఐ’ని పెద్దక్షరం చేయమంటే నెత్తిన చుక్క ఉన్న వేరే అక్షరం వస్తది. దాంతో ఎన్నో ప్రోగ్రాములు విరిగి, ప్రపంచమంతా పాఠం నేర్చుకున్నది. మెషీన్ చదవాల్సిన డేటాకు ఫోన్ భాష వాడొద్దని ఆండ్రాయిడ్ సొంత డాక్యుమెంట్లలోనే ఉంది. కోడ్ రాసే ఆండ్రాయిడ్ స్టూడియో కూడా ఆ లైన్ కింద ‘డిఫాల్ట్ లొకేల్’ అని హెచ్చరిక చూపిస్తది. ఆ లైన్‌లో ‘లొకేల్ రూట్’ అన్న ఒక్క మాట చేరిస్తే అయిపోయేది. హెచ్చరిక చూసి కూడా దాటిపోయినోడు, అది దెగ్లూర్ రోడ్డు మీద ఎవరికి తగులుతదో ఆలోచించలే.

లాగ్ కాపీ చేసి, కారణం రాసి, ఆ సంస్థకు మెయిల్ పెట్టిన. "చాలా తక్కువ మందికి వస్తున్న సమస్య, తర్వాతి వెర్షన్లలో పరిశీలిస్తాం" అని రెండు లైన్ల జవాబు. భాష ఇంగ్లీషుకు మార్చి చెల్లె ఫారం నింపించిన. చివరి తేదీకి మూడు రోజుల ముందు. కేబుల్, ల్యాప్‌టాప్ ఉన్న అన్న అందరి ఇంట్లో ఉండడు కదా.

3. డ్రాఫ్ట్ పెట్టి ఎదురుచూసేటోళ్లు

ఆదాయం సర్టిఫికెట్ కోసం మీసేవలో అప్లై చేసినోడు ఏం చేస్తడు? ఫారం డ్రాఫ్ట్‌లో పెట్టి ఆగుతడు. వారం, పది రోజులు. ఈలోపు యాప్‌కు రెండు అప్‌డేట్లు వస్తయి. అన్ని కాగితాలు చేతిలో ఉన్నోడు ఒక్క కూర్చోలో నింపి పంపేస్తడు, వానికి ఈ ముచ్చటే లేదు.

యాప్‌ను స్టోర్‌లో పెట్టేముందు సైజు తగ్గించడానికి ఆర్8 అనే టూల్ కోడ్‌లోని పేర్లను చిన్న అక్షరాలుగా మారుస్తది. ‘ఆదాయం’ అనే ఖానా ‘ఏ’ అవుతది, ‘ఊరు’ అనే ఖానా ‘బీ’ అవుతది. తర్వాతి వెర్షన్‌లో ఒక ఖానా కొత్తగా చేరిస్తే ఈ పేర్లన్నీ జరిగిపోవచ్చు. పాత డ్రాఫ్ట్‌లో ‘ఏ’ అంటే ఆదాయం, కొత్త యాప్‌లో ‘ఏ’ అంటే ఊరు. పెట్టె అదే, మూత మీది లిస్టు మారింది. జావా సొంత సీరియలైజేషన్‌లో ఇంకో రకం. క్లాస్‌కు వెర్షన్ నంబర్ మనం ఇవ్వకపోతే జావానే లెక్కగట్టి పెడుతది, క్లాస్ కొంచెం మారితే ఆ నంబర్ మారుతది, పాత డ్రాఫ్ట్‌ను "ఇది నాది కాదు" అని ఇన్వాలిడ్‌క్లాస్ ఎక్సెప్షన్‌తో తోసేస్తది.

రెండిటికీ మందు చాలా పాతది. ఖానాలకు స్థిరమైన పేర్లు రాసి పెట్టాలె, వెర్షన్ నంబర్ చేతితో ఇవ్వాలె. పరీక్ష కూడా కష్టం కాదు: పాత వెర్షన్‌లో డ్రాఫ్ట్ పెట్టి, కొత్తది ఎక్కించి, తెరువు. ఆఫీసులో ఏం చేస్తరు? నిన్నటి వెర్షన్ నుంచి ఇయ్యాలటి వెర్షన్‌కు చూస్తరు, అది కూడా చూస్తే. మనం డేటా మిగిలినప్పుడు అప్‌డేట్ చేస్తం, మూడో వెర్షన్ నుంచి తొమ్మిదో దానికి దుంకుతం. ఆ దుంకుడును ఎవరూ లెక్కలో పెట్టలే.

4. ఖానాలో పట్టని మనిషి

బంజారాలు తెలంగాణలో ఎస్టీ, 1976 సవరణ చట్టం వల్ల. కర్ణాటకలో అదే బంజారా ఎస్సీ. మహారాష్ట్రలో విముక్త జాతి. (ఈ జాబితాల మీద మనలో మనకు ఉన్న వాదం ఇక్కడికి తేవొద్దని అందరికీ దండం పెడుతున్న. అది వేరే పోస్ట్.) మద్నూర్ చుట్టుపక్కల ఒక్క కుటుంబంలోనే రెండు రాష్ట్రాల కాగితాలు ఉంటయి. అన్న ఇక్కడ చదివితే తమ్ముడు మేనమామ ఇంట్లో ఉండి నాందేడ్ వైపు చదువుతడు.

యాప్‌లో కేటగిరీ అంటే నాలుగైదు మాటల మూసిన జాబితా. సర్వర్ నుంచి ఆ జాబితాలో లేని మాట వచ్చిందంటే, పెట్టె తెరిచేటోడు "ఇట్లాంటి సామాను నాకు తెలియదు" అని కూలిపోతడు. జావాలో క్లాస్‌కాస్ట్ ఎక్సెప్షన్ అనే తప్పు కూడా ఒకటి ఉంది. అక్కడ ‘కాస్ట్’ అంటే కులం కాదు, ఒక రకాన్ని ఇంకో రకంగా చూడమనుడు. అయినా క్యాస్ట్ సర్టిఫికెట్ పెట్టే స్క్రీన్‌లో ఆ పేరు కనబడితే నవ్వాలో ఏడ్వాలో తెలియదు.

పేర్ల సంగతి కూడా ఇంతే. ఆధార్‌లో ఒక్కటే పేరు ఉన్నోళ్లు మన తండాల్లో, గూడేల్లో ఉన్నరు. కాట్లిన్ భాషలో రాసినోడు "ఇంటిపేరు ఖాళీ ఉండదు" అని గట్టిగా రాసిపెడతడు. డేటా తెరిచే జీసన్ అనే లైబ్రరీ ఆ మాటను అడగకుండనే ఖాళీని లోపల పెట్టేస్తది. అప్పటికి అంతా బాగనే ఉంటది. మూడు స్క్రీన్ల తర్వాత ఆ ఇంటిపేరును ముట్టుకోగానే క్రాష్. ఖాళీ ఉండదు అని ఎవరు నిర్ణయించిండ్రు? తన ఇంట్లో ఖాళీ లేనోడు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలె. క్రాష్ కాకుండా చూడుమంటే, తెలియని కేటగిరీని చప్పుడు లేకుండా ‘ఇతరులు’ కింద వేసేటోళ్లు ఉన్నరు. అది క్రాష్ కంటే పాపం. క్రాష్ అయితే కనీసం తెలుస్తది. ఇదైతే దరఖాస్తు పోయి, మూడు నెలల తర్వాత "మీరు అర్హులు కారు" అని వస్తది. తెలియని మాట వస్తే దాన్ని ఉన్నది ఉన్నట్టు దాచి, మనిషిని అడగాలె. అంతే.

5. మన అక్షరాల బరువు

ఇంగ్లీషు అక్షరం యూటీఎఫ్-8లో 1 బైట్. తెలుగు అక్షరంలో ఒక్కో గుర్తు 3 బైట్లు. జావాలో ‘రైట్ యూటీఎఫ్’ అనే పాత ఫంక్షన్‌కు 65,535 బైట్ల హద్దు ఉంది. ఇంగ్లీషులో 65 వేల అక్షరాలు పడతయి, తెలుగులో 21,845 గుర్తులకే పెట్టె నిండి ఎక్సెప్షన్ వస్తది. ఇంగ్లీషులో రాసి చూసినోనికి ఆ హద్దు మూడింతల దూరం.

గోండు అన్నలది ఇంకా బరువు. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊరి పేరు మీదున్న గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్ 11లో చేరింది. పుస్తకాల్లో ఉన్న లిపి ఫోన్‌లోకి వచ్చింది, మనందరికీ గర్వం. ఆ అక్షరాలు ఒక్కోటి 4 బైట్లు. జావా లోపల వాటిని రెండు ముక్కలుగా దాస్తది. ఇందాక చెప్పిన పాత ఫంక్షన్ వాటిని 6 బైట్లుగా రాస్తది, మామూలు యూటీఎఫ్-8 చదివేటోనికి అది తప్పుడు డేటా. పేరును పది అక్షరాలకు కోయమన్న ప్రోగ్రాం ఒక అక్షరాన్ని మధ్యలో నరకొచ్చు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ‘యూటీఎఫ్8’ అని పిలిచేదాంట్లో 3 బైట్లకు మించి పట్టవు, ‘యూటీఎఫ్8ఎంబీ4’ పెట్టాలె. ఎమోజీలు కూడా 4 బైట్లే. నవ్వు బొమ్మ కోసం చాలా కంపెనీలు ఆ మార్పు చేసినయి. గోండి కోసం ఎవరైనా అడిగిండ్రా?

లెక్కల మాయ

ఇప్పుడు శాతాల దగ్గరికి వద్దాం. "మా యాప్ 99 శాతం క్రాష్ లేకుండా నడుస్తుంది" అని చెప్పుకుంటరు. గూగుల్ ప్లే హద్దు ఏందంటే, రోజువారీ వాడేటోళ్లలో 1.09 శాతం మందికి మించి క్రాష్ కనిపిస్తే ఆ యాప్‌కు చెడ్డ గుర్తు. ఒక యాప్‌ను రోజుకు 5 లక్షల మంది వాడుతున్నరు అనుకోండి. 5,450 మందికి రోజూ కూలిపోయినా యాప్ ఆ హద్దులోనే ఉంటది. మా మండలం లాంటి చోట మరాఠీ ఫోన్లున్న 2,000 మందికి ప్రతిసారీ కూలిపోయినా అది 0.4 శాతం. గ్రాఫ్‌లో కనబడదు. ఆఫీసులో చప్పట్లు.

సగటు ఇట్ల దాస్తదని గూగుల్‌కు కూడా తెలుసు. అందుకే ఒక్కో ఫోన్ మోడల్‌కు విడిగా 8 శాతం అని ఇంకో హద్దు పెట్టింది. మొత్తం మీద యాప్ మంచిగున్నా, ఒక మోడల్ మీద 8 శాతం దాటితే ఆ మోడల్ ఉన్నోళ్లకు స్టోర్ హెచ్చరిక చూపించొచ్చు. అంటే ‘ఎంతమంది’ అని అడిగితే సరిపోదు, ‘ఎవరు’ అని కూడా అడగాలని ఆ కంపెనీయే ఒప్పుకున్నట్టు. నేను అడిగేది అదే లెక్క భాషకు పెట్టుమని, ర్యామ్‌కు పెట్టుమని. క్రాష్ రిపోర్ట్‌తో పాటు ఫోన్ భాష, ఖాళీ మెమరీ, ఏ వెర్షన్ నుంచి అప్‌డేట్ అయ్యిండ్రు అని పంపుడు పెద్ద పని కాదు. అడిగితే బయటపడతది. అడగరు కాబట్టి రేర్.

ఎవరికి తగిలితే ఎంత తొందరగా కదులుతరో చూడండి. 2018 ఫిబ్రవరిలో మన తెలుగు ‘జ్ఞ’ అక్షరంతో వచ్చే ఒక వరుస ఐఫోన్లను పడగొట్టింది. మెసేజ్‌లో ఆ అక్షరం వస్తే చాలు యాప్ కూలిపోయేది, మళ్లీ తెరిస్తే మళ్లీ అదే మెసేజ్, మళ్లీ కూలుడు. అది అక్షరం గీసే కోడ్‌లో తప్పు, సీరియలైజేషన్ కాదు. కానీ ఆ అక్షరం అట్ల రాసేటోళ్లు ప్రపంచంలో ఎంతమంది? రేర్‌లో రేర్. అయినా ప్రపంచమంతా వార్త అయింది, అదే నెల 19న ఆపిల్ 11.2.6 వెర్షన్ విడుదల చేసి సరిచేసింది. ఎందుకంటే ఎవడైనా ఆ అక్షరం పంపి ఏ దేశంలో ఎవరి ఐఫోన్‌నైనా పడగొట్టొచ్చు. తెలుగోళ్ల సమస్య అందరి సమస్య అయింది, అప్పుడు కదిలిండ్రు. మన క్రాష్ మన ఫోన్ దాటి పోదు. అదొక్కటే తేడా.

"కానీ అన్నా..." అనేటోళ్లకు

"ప్రతి బగ్ సరిచేయాలంటే కంపెనీ దివాలా తీస్తది" అంటరు. నిజమే, అన్నీ సరిచేయలేరు. ఏది ముందు అనేది నిర్ణయించాలె. ఎంతమందికి వస్తుంది అనే ఒక్క తక్కెడలో తూస్తే మనం ఎప్పుడూ తేలిపోతం. ఇంకో తక్కెడ ఉంది: వచ్చినోనికి ఏం పోతది? వీడియో యాప్ పాట మధ్యలో ఆగితే మళ్లీ పెట్టుకుంటం. ఫీజు ఫారం చివరి తేదీనాడు ఆగితే ఒక సంవత్సరం పోతది. ఆడపిల్ల అయితే ఆ సంవత్సరంలో పెళ్లి చేసేస్తరు. ఇది గ్రాఫ్‌లో ఏ గీత?

"ఇది వివక్ష కాదు, అజాగ్రత్త" అంటరు. నేను కూడా ఎవరూ కావాలని చేసిండ్రు అంటలే. మద్నూర్ పేరు కూడా వినని పిలగాడు, డెడ్‌లైన్ మీద రాసిన లైన్ అది. కానీ అజాగ్రత్త ప్రతిసారీ ఒకే వైపు పడుతుంటే దాన్ని ఏమనాలె? వాన అందరి మీద పడుతది, కారేది గుడిసెలోనే.

"ఇది ట్రైబల్ సమస్య కాదు, పేదోళ్ల సమస్య" అంటరు. సంతోషం. చిన్న ఫోన్ ఉన్న ప్రతి పేదోనికీ ఇదే మందు పనిచేస్తది. మరాఠీ ఫోన్ సరిచేస్తే మద్నూర్‌లో అన్ని కులాలోళ్లకూ సరైతది. అడిగేటోళ్లం మనమైతే తప్పేంది?

"ఫోన్ మార్చు" అనేటోనికి నా దగ్గర జవాబు లేదు. ఫోన్ కొనే పైసలుంటే స్కాలర్‌షిప్ ఫారం ఎందుకు నింపుతం తమ్ముడూ?

ఇప్పుడు పని

తిట్టి ఊరుకుంటే లాభం లేదు. మూడు పనులు అడుగుతున్న.

యాప్ వాడేటోళ్లు: కూలిపోయిందని మాత్రమే రాయకండి. ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, ర్యామ్, ఫోన్ భాష, ఏ బటన్ నొక్కినంక పడింది, డ్రాఫ్ట్ ఎప్పుడు పెట్టిండ్రు, ఎన్నిసార్లు చేస్తే ఎన్నిసార్లు పడింది, ఈ ఏడు రాయండి. స్క్రీన్ రికార్డ్ చేసేటట్టయితే ఆధార్ నంబర్, బ్యాంకు వివరాలు కనబడకుండా చూసుకోండి, గ్రూప్‌లో అస్సలు పెట్టకండి. అప్పటికప్పుడు పని కావాలంటే భాష ఇంగ్లీషుకు మార్చి, మిగతా యాప్‌లు మూసి, ఫోటోలు చిన్నవి చేసి నింపండి. కానీ పని అయిపోయింది కదా అని ఫిర్యాదు మానొద్దు.

కోడ్ రాసే మనోళ్లు: మీ కంపెనీలో మీరు కొత్తోళ్లే కావొచ్చు, మీటింగ్‌లో మాట్లాడాలంటే భయమే కావొచ్చు. ‘డోంట్ కీప్ యాక్టివిటీస్’ వేసి, ఫోన్ భాష మరాఠీ పెట్టి, ఇంటిపేరు ఖాళీ వదిలి, పాత వెర్షన్ డ్రాఫ్ట్ తెరిచి చూడండి. గంట పని. దొరికిన క్రాష్‌ను టికెట్‌గా రాయండి, ‘రేర్’ అనే ఖానాలో కాదు, ‘ఈ పరిస్థితిలో ప్రతిసారీ’ అని రాయండి. ఆ మాట రాస్తే టికెట్ మూసేటోని చెయ్యి ఒక్క క్షణం ఆగుతది.

బీటెక్ ఫైనల్ ఇయర్ వాళ్లు: నెట్‌లో కొన్న ప్రాజెక్టులు ఎన్ని ఏళ్లు పెడతరు? మన మండలంలో వాడే పది యాప్‌లు తీసుకొని ఈ పరీక్షలు చేసి, ఫలితాలు రాసి పెట్టండి. దానికంటే మంచి ప్రాజెక్టు నాకు తెలియదు. ఇంటర్వ్యూలో కూడా అది నిలబడతది.

మొన్న పోస్ట్ పెట్టిన చెల్లెకు ఒక మాట. నీ ఫోన్‌కు ఏం కాలే, నువ్వు నొక్కుడు రాక కాదు. నీ వివరాలు నాకు మెసేజ్ చెయ్యి, చూద్దాం. మిగతావాళ్లు ఇక నుంచి ఎవరైనా ‘రేర్’ అంటే, ఎంతమందికి అని వాదించకండి. ఎవరికి అని అడగండి.

జై సేవాలాల్. జై జోహార్.